ఎవరూ లేరని ధ్రువపత్రం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటంటే, మా పాప నిద్రలేచి చుట్టూ చూసేసరికి దగ్గర ఎవరూ లేకపోవడం. పాములూ, కరెంటు తీగలూ, జ్వరాలూ అన్నీ దాని తర్వాతే. పాప పుట్టి పదిహేడు నెలలైంది. ఈ పదిహేడు నెలల్లో నేను స్నానానికి వెళ్ళినా తలుపు వారగా తెరిచే ఉంచుకున్నాను. మా ఆయన నవ్వుతాడు. "దాన్నెవులు ఎత్తుకుపోతారే? ఎత్తుకుపోయినా గంటలో తెచ్చిచ్చీసి దండం పెడతారు" అంటాడు. ఆయన ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, దేనికీ వేడెక్కడు.

ఈ భయం సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక రాయబోయేదంతా కంప్యూటర్ల గురించి. చదువుతూ చదువుతూ మీరు పాపని మర్చిపోకూడదు.

నేను పనిచేసేది దాఖలాల కార్యాలయంలో. పుట్టినవాళ్ళకి పుట్టినట్టు, పోయినవాళ్ళకి పోయినట్టు, మధ్యలో ఉన్నవాళ్ళకి ఇంకా ఉన్నట్టు కాగితాలిచ్చే చోటు. మేడ మీద పెద్ద హాలు, అందులో ముప్ఫై రెండు కంప్యూటర్లు. ఊడవడం, తుడవడం, టీలు అందించడం నా పని. నన్ను ఔట్‌సోర్సింగ్ అంటారు. అంటే పని ఆఫీసుదే గానీ మనిషి ఆఫీసు మనిషి కాదు. హాజరు పుస్తకంలో నా పేరు ఉండదు. ఏజెన్సీ వాళ్ళు నెలనెలా పంపే కాగితంలో 'ఊడ్చుటకు: 1' అని ఉంటుంది. ఆ ఒకటి నేను.

ఆ కంప్యూటర్లు కొత్తగా వచ్చినప్పుడు నాకు ఇంకో పని తగిలింది. కంప్యూటరు నడవడానికి తప్పకుండా కావలసినవన్నీ దాంట్లో ముందే ఉంటాయట. అవి కాక, కావాలనుకుంటే పెట్టుకునేవి కొన్ని ఉంటాయి. రకరకాల తెలుగు అక్షరాలు, ఫ్యాక్సు పంపేది ఒకటి, తెర మీది మాటల్ని పైకి చదివి వినిపించే గొంతు ఒకటి, ఇలాంటివి. వీటికి ఐచ్ఛిక భాగాలని పేరు. ఒక్కొక్కటి ఎక్కించేటప్పుడు కంప్యూటరు ప్రశ్నలు వేస్తుంది. ఇది కావాలా? ఎక్కడ పెట్టాలి? షరతులకి ఒప్పుకుంటున్నారా? అడిగి ఊరుకుంటుంది. ఎవరో ఒకరు వచ్చి మీట నొక్కేదాకా కదలదు.

గుమస్తాలకి టీ వేళ ఉంటుంది, భోజనం వేళ ఉంటుంది, యూనియను వేళ ఉంటుంది. చీపురు పట్టుకుని హాలంతా తిరిగేది నేనొక్కదాన్నే. అందుకని ఎడమ చేత్తో ఊడుస్తూ కుడి చేత్తో 'అవును' నొక్కుతూ పోయేదాన్ని. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషిని. ఆరు వారాల పాటు ప్రభుత్వం అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పింది నేనే.

తర్వాత నఫీసా మేడం వచ్చారు. కంప్యూటర్ల ఇంజనీరు. నేను నొక్కుతుంటే కాసేపు చూసి, "ఇంత కష్టం ఎందుకు?" అన్నారు. "ఏమేం అడుగుతుందో మనకి ముందే తెలుసు కదా. జవాబులన్నీ ఒక ఫైల్లో రాసి ఇచ్చేస్తే, మిషను అడగాల్సి వచ్చినప్పుడల్లా దాంట్లో చూసుకుని తన పని తను చేసుకుపోతుంది. పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు."

సరిగ్గా అప్పుడే మా అదనపు సంచాలకులు పరాంకుశం గారు అటుగా వచ్చారు. ఆ ఆఖరి మాట విని ఆగిపోయారు. "ఎవరూ అక్కర్లేదా?" అన్నారు. "అక్కర్లేదు సార్" అన్నారు మేడం. ఆయనకి ఫోను వచ్చింది, పక్కకి వెళ్ళిపోయారు.

నేనే అడిగాను. "మరి ఫైల్లో లేని ప్రశ్న అడిగితేనో మేడం?"

"అప్పుడు ఆగిపోయి కూర్చుంటుంది. అందుకే మధ్యమధ్యలో ఎవరో ఒకరు వచ్చి తొంగిచూసి పోవాలి. నిద్రపోతున్న పిల్లల్ని చూస్తాం చూడు, అలాగ. ఎవరూ కూర్చోనక్కర్లేదంటే ఎవరూ చూడకూడదని కాదు."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. దాన్ని వినాల్సిన ఆయన అప్పటికి వరండా చివర ఫోన్లో ఉన్నారు.

మర్నాడు సిబ్బంది అందరినీ సమావేశపరిచారు. పరాంకుశం గారు మాట్లాడేటప్పుడు ముందు కళ్ళద్దాలు తీస్తారు, మనుషులు మసగ్గా కనబడితేనే ఆయనకి మాట సాగుతుంది. "మిత్రులారా! పరిపాలన యొక్క సమస్త జాప్యమునకు మూలకారణం ఏమి? ప్రశ్న. ఆ ప్రశ్నకు ముందే జవాబు సిద్ధముగా ఉన్నచో? మనిషి అవసరమే లేదు! మనిషి లేనిచో పొరపాటు లేదు, ఆలస్యము లేదు, సెలవు లేదు! మన కార్యాలయం రాష్ట్రమునకే మార్గదర్శకం కాబోతున్నది!" అందరూ చప్పట్లు కొట్టారు. తమ అవసరం లేదని చెప్పినందుకు మనుషులు అంత గట్టిగా చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రానికి సర్క్యులరు వచ్చింది. నోటీసు బోర్డుకి అంటించింది నేనే కాబట్టి మొత్తం చదివాను.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కార్యాలయ యంత్రములన్నిటియందు రెండు వందల పద్నాలుగు ఐచ్ఛిక భాగములను మానవ ఉనికి లేకుండా స్థాపించుటకు నిర్ణయించడమైనది. ఐచ్ఛికములన్నియు తప్పనిసరి. స్థాపన జరుగు కాలమున హాలునందు ఏ వ్యక్తియు ఉండరాదు, తొంగిచూడరాదు, మీటలను తాకరాదు. తలుపు తెరిచిన యెడల స్థాపనను మానవ సహితముగా పరిగణించి మొదటి నుండి ప్రారంభించవలెను.'

నఫీసా మేడం పరుగున వెళ్ళారు. టీ ఇవ్వడానికి నేనూ వెనకే వెళ్ళాను.

"రెండు వందల పద్నాలుగూ ఎందుకు సార్? మనకి కావాల్సినవి తొమ్మిది. ఫ్యాక్సుకైతే అసలు లైనే లేదు."

"చూడండమ్మా," అన్నారు పరాంకుశం గారు ఓపిగ్గా, "ఐచ్ఛికము అనగా మన ఇష్టమునకు వదిలినది. వద్దనుకున్నచో ప్రభుత్వము కల్పించిన అవకాశమును మనం తిరస్కరించినట్లు. తిరస్కరించు అధికారం నా స్థాయిలో లేదు."

"కనీసం రోజుకోసారైనా ఎవరైనా చూడాలి సార్."

"చూచువారు ఉన్నచో అది మానవ రహితం ఎట్లగును?"

ఆ వారంలోనే మేడంని పక్క జిల్లాకి పంపేశారు. ఎవరూ అక్కర్లేని పనికి మనిషిని పెట్టుకున్నారని ఆడిట్ వాళ్ళు అడుగుతారని భయపడ్డారట. వెళ్తూ వెళ్తూ తన ఫోను నంబరు నా అరచేతిలో పెన్నుతో రాశారు. ఎందుకో నాకే రాశారు.

అంతా సిద్ధం చేశాక పైనుంచి ఉత్తరం వచ్చింది. 'స్థాపన సమయమున హాలునందు ఎవరూ లేరనుటకు ప్రతి గంటకు ధ్రువపత్రము మూడు ప్రతులలో సమర్పించవలెను.'

దీనిమీద ఆఫీసు రెండు రోజులు కొట్టుకుంది. ఎవరూ లేరని చెప్పాలంటే ఎవరో ఒకరు చూడాలి. చూడాలంటే లోపల ఉండాలి. లోపల ఉంటే ఒకరు ఉన్నట్టు. కెమెరా పెడదామన్నారు ఒకరు. కెమెరాని చూసేవాడు చూసినట్టే కదా అన్నారు ఇంకొకరు. సూపరింటెండెంటు తాతాజీ గారు ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషి. ఆయన కూడా రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నారు. నేను టీ ట్రే పట్టుకుని వెళ్ళాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. చాలాసేపు చూశారు.

"ఆ హాజరు పుస్తకం ఇలా పట్రండి" అన్నారు.

తెచ్చారు.

"ఈ అమ్మాయి పేరుందా ఇందులో?"

"లేదండి."

"వేలిముద్రల మిషన్లో?"

"లేదండి."

"సీనియారిటీ లిస్టులో?"

అందరూ నవ్వారు.

తాతాజీ గారు లేచి నిలబడ్డారు. "సార్, ఈ అమ్మాయిని హాల్లో కూర్చోబెట్టామనుకోండి. మన రికార్డుల ప్రకారం హాల్లో ఎవరున్నట్టు?"

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీశారు. "ఎవరూ లేనట్టు" అన్నారు నెమ్మదిగా. తాతాజీ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను ట్రే కింద పెట్టి, "సార్, మా పాప కింద పిల్లల గదిలో ఉంటాది. గంటకోసారి చూసుకోవాలి" అన్నాను.

"అక్కడ ఆయా ఉంది కదా అమ్మాయ్."

ఉంది. ఈ ఉద్యోగం నేను చేస్తున్నదే ఆ ధైర్యంతో. ఆయా పేరు పైడమ్మ. అరవై దాటాయి. ఒక చెవి వినబడదు, షుగరుంది, మోకాళ్ళు నొప్పులు. నాకు వరసకి ఏమీ కాకపోయినా అత్తా అని పిలుస్తాను. ఆ గదిలో నలుగురు పిల్లలు. నలుగురిలో ఎవరు ఏడ్చినా ఏ పిల్ల ఎందుకు ఏడుస్తోందో చూడకుండానే చెబుతుంది.

సంగతి చెబితే నవ్వింది. "ఎల్లవే అమ్మీ. నీ గుంట నా గుంట కాదేటి? పోయింది ఒక సెవే గదా, కళ్ళు రెండూ ఉన్నాయి."

సరేనన్నాను.

మొదటిరోజు హాల్లో స్టూలు మీద కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నారు. ముప్ఫై రెండు తెరల మీద ముప్ఫై రెండు గీతలు నెమ్మదిగా నిండుతున్నాయి. గంటకోసారి తాతాజీ గారు బయటినుంచి తలుపు కొట్టి అడిగేవారు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్" అనేదాన్ని.

ఆయన మూడు కాపీల మీద సంతకం పెట్టుకుని వెళ్ళిపోయేవారు.

పదకొండున్నరకి ముప్పై ఏడో భాగం ఎక్కింది. చదివి వినిపించే గొంతు అదే. ఎక్కీ ఎక్కగానే అన్ని కంప్యూటర్లూ ఒకేసారి కాకుండా, ఒకటి ముందూ ఒకటి వెనకా, ఒకటో తరగతి పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాయి.

"కొనసాగించాలా? మీరు అక్కడ ఉన్నారా? కొనసాగించాలా? మీరు అక్కడ ఉన్నారా?"

గీతలన్నీ ఆగిపోయాయి. ఆ ప్రశ్నకి జవాబు ఫైల్లో లేదు. నఫీసా మేడం ఉండి ఉంటే రాసేవారు. నా కుడి చెయ్యి అలవాటుగా లేచింది. లేచిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్ళోకి తెచ్చుకున్నాను.

పన్నెండింటికి తలుపు చప్పుడైంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్. కానీ సార్, కంప్యూటర్లు ఆగిపోయి ఏదో అడుగుతున్నాయి."

"అడిగినట్టు ఎవరు విన్నారు?"

"నేనే సార్."

"నువ్వు ఎవరూ కాదు కదమ్మా. అంటే ఎవరూ వినలేదన్నమాట. ఎవరూ వినని ప్రశ్నని నేను పైకి ఎలా రాయను?"

సంతకాలు పెట్టుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం అయిదింటికి నేను తలుపు తీసుకుని బయటికొస్తే, తలుపు తెరిచారు కాబట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలా అని ఒక గుమస్తా అడిగాడు. తాతాజీ గారు దానికీ జవాబు ఆలోచించే ఉంచారు. "ఎవరూ లేని గదిలోంచి ఎవరూ బయటికి రాలేదు. తలుపు తెరిచినట్టు కాదు."

ఇంటికెళ్ళాక నఫీసా మేడంకి ఫోను చేశాను. ఆవిడ నవ్వలేదు. "ఒక్క మీట, చెల్లీ. ఏ కంప్యూటరు దగ్గరైనా ఒక్కసారి 'అవును' నొక్కితే అన్నీ కదులుతాయి. ఎవరినైనా నొక్కమను."

మర్నాడు పొద్దున్నే పరాంకుశం గారికి చెప్పాను. "అది మానవ జోక్యం" అన్నారు. పైకి పంపిన నివేదిక టైపు చేయించి తెచ్చింది నేనే. 'స్థాపన నిర్విఘ్నముగా కొనసాగుచున్నది' అని ఉంది అందులో. ఇలా నాలుగు రోజులు గడిచాయి. కంప్యూటర్లు ముప్పై ఏడు దగ్గరే నిలబడి, నేను అక్కడ ఉన్నానా అని అడుగుతూనే ఉన్నాయి. జవాబు తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

పని ఇంత బాగా జరుగుతుంటే దాన్ని మేడ మీదే ఉంచడం న్యాయం కాదనిపించింది పరాంకుశం గారికి. కింద జనం వచ్చే కౌంటర్లో గుమస్తాని తీసేసి, అద్దానికి జవాబుల కాగితం అంటించారు. 'ఒకటి: అవును. రెండు: పరిశీలనలో ఉన్నది. మూడు: గురువారం రండి.' ఏ ప్రశ్న అడగడానికి వచ్చినవాళ్ళయినా మూడింట్లో ఒకటి తీసుకుని వెళ్ళవచ్చు.

సాయంత్రం నేను హాల్లోంచి కిందికి దిగేసరికి గొంగడి భుజాన వేసుకున్న తాత ఒకాయన అద్దం ముందు నిలబడి ఉన్నాడు. పింఛనుకి బతికున్నట్టు కాగితం కావాలట.

"అమ్మీ, ఇక్కడేటి రాసినారో సదివి పెట్టు."

చదివాను.

"నాను బతికున్నానా అంటే 'పరిశీలనలో ఉన్నది' అంతన్నారా?" తాత గొంగడి సర్దుకున్నాడు. "ఇంటికాడ మా కోడలూ అదే అంతంది."

ఆ నెల ఫిర్యాదులు ఒక్కటి కూడా రాలేదు. ఫిర్యాదు తీసుకునే మనిషిని కూడా తీసేశారు మరి. పై ఆఫీసు నుంచి ముగ్గురు అధికారులు మా విధానం పరిశీలించడానికి వస్తున్నారని తెలిసింది. గోడలకి సున్నాలు వేశారు. మిగిలిపోయిన ఐచ్ఛికాలేమైనా ఉన్నాయా అని ఆఫీసు ఫైళ్ళన్నీ వెతికారు. ఒకటి దొరికింది. 'కార్యాలయమునందలి ఐచ్ఛిక సౌకర్యములు: శిశు గది.'

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్న పాపని ఎత్తుకుని వెళ్ళేసరికి పిల్లల గది తలుపుకి కాగితం ఉంది. ఆ కాగితం నాకు నోటికి వచ్చేసింది.

'ప్రశ్న: ఏడుపు. జవాబు: పాలు, సీసాలో ఉన్నవి.
ప్రశ్న: మరల ఏడుపు. జవాబు: నిద్ర.
ప్రశ్న: ఇతరములు. జవాబు: పై రెండింటిలో ఒకటి.
గమనిక: గదియందు పెద్దలెవ్వరూ ఉండరాదు.'

పైడమ్మత్త సంచీ చంకన పెట్టుకుని గేటు వైపు నడుస్తోంది. "అత్తా!" అని పిలిచాను. వినబడని చెవి నా వైపుంది. గేటు దాటి వెళ్ళిపోయింది.

మిగతా ముగ్గురు తల్లులూ పర్మనెంటు వాళ్ళు. సెలవు చీటీలు రాసి పడేసి పిల్లల్ని తీసుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. నాకు సెలవు లేదు. హాజరుంటే కదా సెలవుండేది. పాపని చంకనేసుకుని మేడ ఎక్కాను.

తాతాజీ గారు మెట్ల మీదే ఆపేశారు. "పాపతోనా? కుదరదమ్మాయ్."

"నా ఒళ్ళోనే కూకుంటాది సార్. నేనే ఎవరూ కాదు కదా, నా పాప ఎవరవుతాది?"

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "నేనేం చెయ్యనమ్మా? శిశు గది రిజిస్టర్లో ఆ పాప పేరుంది. మోక్షిత, వరస సంఖ్య నాలుగు. సీలు కూడా ఉంది. ఆవిడ లోపలుంటే ఒకరున్నట్టే లెక్క."

ఇరవై నాలుగేళ్ళు నిండినా నాకు రాని హోదా నా కూతురికి పదిహేడు నెలలకే వచ్చింది. మరొకప్పుడైతే సంతోషించేదాన్ని.

"పన్నెండింటికల్లా వాళ్ళు వెళ్ళిపోతారు. తర్వాత ఆయాని పిలిపిద్దాం. నువ్వు కుదరదంటే చెప్పు, ఏజెన్సీకి ఫోను చేసి ఇంకో ఒకటిని పంపమంటాను" అన్నారు.

పాప నా భుజం మీదే నిద్రపోయింది. కిందికి దిగి పిల్లల గది ఉయ్యాల్లో పడుకోబెట్టాను. ఆ గది సరిగ్గా హాలు కిందే, కిటికీ తెరిస్తే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. లేచేలోగా వచ్చేస్తాను అనుకున్నాను. ఇలాంటి మాట అనుకోని తల్లి ఎవరైనా ఉంటే నన్ను తిట్టండి, పడతాను.

హాల్లో స్టూలుని కిటికీ పక్కకి జరుపుకున్నాను. పదకొండు దాటింది. వరండాలో బూట్ల చప్పుడు, పరాంకుశం గారి గొంతు. "ఈ తలుపు వెనుక, మహాశయులారా, ముప్ఫై రెండు యంత్రములు, శూన్య మానవ ఉనికి!"

అప్పుడే కింద పాప ఏడ్చింది.

నిద్రలేచిన ఏడుపు. ఎవరైనా వస్తారని ఏడ్చేది. ముందు చిన్నగా, ఆగి చూసి, మళ్ళీ పెద్దగా. హాల్లో ముప్ఫై రెండు గొంతులు అడుగుతున్నాయి, "మీరు అక్కడ ఉన్నారా? మీరు అక్కడ ఉన్నారా?" బయట తాతాజీ గారు తలుపు కొట్టారు. ఆ ముగ్గురికీ వినబడేలా గట్టిగా అడిగారు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

నేను నోరు తెరిచాను. ఆ క్షణంలో పాప ఏడుపు ఆగిపోయింది.

ఏడుపు వింటే భయం వేస్తుంది. ఠక్కున ఆగిపోతే ఏమవుతుందో తల్లులకి చెప్పనక్కర్లేదు.

"ఉన్నాను!" అన్నాను. అని తలుపు బద్దలయ్యేట్టు లాగి బయటికి వచ్చిపడ్డాను.

వరండాలో ఉన్న పై ఆఫీసు మేడం ఒకావిడ వెనక్కి తూలి గోడ పట్టుకుంది, పట్టు చీరంతా సున్నం. "ఎవరీమె?" అంది.

"ఎవరూ కాదండి" అంటున్నారు తాతాజీ గారు. నేను అప్పటికి మెట్లు దిగిపోతున్నాను.

పిల్లల గది తలుపు తోశాను. ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. పాప కిటికీ కింద కూర్చుని ఉంది. కిటికీ ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి లోపలికి, భుజం దాకా వచ్చి ఉంది. నల్లటి చెయ్యి, రెండు గాజులు. ఆ చేతి చూపుడువేలు పట్టుకుని పాప నవ్వుతోంది. మూతి నిండా బిస్కట్టు.

ఊచల అవతల, ఎండలో, పైడమ్మత్త. చెంప ఇనుముకి ఆనించి ఉంది. ముఖమంతా చెమట.

"అత్తా, నువ్వు ఎల్లిపోయావు కదా!"

"గేటు దాటి ఎల్లినాను. గోడ సందులోంచి తిరిగొచ్చీసినాను. లోపల ఉండకూడదన్నారు గానీ బయట ఉండకూడదని ఎవులూ సెప్పలేదు గదే." చెయ్యి బయటికి లాక్కోబోయి, మూలిగింది. "ఉయ్యాల్లోంచి అదే దిగిపోనాది. సురుకైన గుంట. ముందు దాన్ని ఎత్తుకో, సెయ్యి పీకీస్తంది."

నేను పాపని ఎత్తుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పైడమ్మత్త బయటినుంచి, "నీకూ ఓ బిస్కట్టిమ్మంతావేటి?" అంది.

మధ్యాహ్నానికి విచారణ పెట్టారు. విచారణకి కూడా జవాబులు ముందే రాసి ఉన్నాయి. 'నేరము అంగీకరించితిరా? అవును. విచారము వ్యక్తపరచితిరా? అవును.' నేను సంతకం పెడితే చాలు. దాంతోపాటు మెమో ఇచ్చారు. 'శ్రీమతి లెంక హైమావతి అను నీవు, ఎవ్వరూ లేని హాలునందు అనధికారికముగా ఉండి, ఉన్నానని బిగ్గరగా ప్రకటించి, తద్వారా రెండు వందల పద్నాలుగు భాగముల స్థాపనను మానవ సహితము గావించితివి.' ఆ ఆఫీసు నా పేరు రాయడం అదే మొదటిసారి. రెండుసార్లు చదువుకున్నాను. పేరులో తప్పుల్లేవు.

"ఇప్పుడు నేను మళ్ళీ హాల్లో కూర్చోవాలా సార్?" అన్నాను.

తాతాజీ గారు తల అడ్డంగా ఊపారు. ఆయన ముఖంలో నిజమైన బాధ. "ఎలా కుదురుతుందమ్మా? మెమో నంబరు పడింది. ఇప్పుడు నువ్వు రికార్డుల్లో ఉన్నావు. ఇక నువ్వు ఎవరో ఒకరివి. లోపల ఉండడానికి పనికిరావు."

మెమో అందుకున్నవాళ్ళు ఆఫీసు ఆవరణలోకి రాకూడదట. ఆ విధంగా నేను ఒకరినైన రోజే నా పని పోయింది.

పరాంకుశం గారు మాత్రం తగ్గలేదు. లోపం విధానంలో లేదు, తలుపులో ఉంది అన్నారట. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, ఈసారి హాలు తలుపుకి లక్క సీలు వేయించారు. రెండు వందల పద్నాలుగూ పూర్తయ్యేదాకా ఎవరూ తీయకూడదు. లోపల ఉండి ఎవరూ లేరని చెప్పడానికి మళ్ళీ ఒకరు కావాలి కదా. హాజరు పుస్తకంలో పేరు లేనివాళ్ళు ఎవరున్నారని వెతికితే, పైడమ్మత్త దొరికింది. ఒక చెవి వినబడదు కాబట్టి కంప్యూటర్ల గోల సగమే తగులుతుందని తాతాజీ గారు అది అదనపు అర్హతగా రాశారు. ఆమెకి చెప్పింది మాత్రం ఒక్కటే, ఈ పని పూర్తయితే పిల్లల గది మళ్ళీ తెరుస్తామని. ఆ మాటకే ఒప్పుకుంది. సోమవారం పొద్దున్న లోపలికి వెళ్ళింది.

ముప్పై ఏడో భాగం దగ్గర కంప్యూటర్లు మళ్ళీ ఆగి ఉంటాయి. ఆమెకి చదువు రాదు. వచ్చినా మీటల మీద చెయ్యి పెట్టకూడదు. అంటే ఆ పని ఎప్పటికీ పూర్తికాదు. ఆ సంగతి నాకు తెలుసు, నఫీసా మేడంకి తెలుసు. మేడం రాసిన ఉత్తరానికి జవాబు కూడా వచ్చింది: పరిశీలనలో ఉన్నది.

సోమ, మంగళవారాలు నేను గోడ సందులోంచి వెళ్ళి, చేంతాడు కొస హాలు కిటికీలోకి విసిరి, రెండో కొసకి కట్టి గంజీ, షుగరు మాత్రలూ పైకి పంపాను. ఆమె కిందికి చూసి, "గుంట తిన్నాదా?" అని అడిగింది. తన సంగతి చెప్పలేదు. నిన్న వాచ్‌మన్ పట్టుకున్నాడు. గంజి ఎవరికని అడిగాడు. లోపల ఎవరూ లేరని రాసి ఉంది కదా, లేని మనిషికి గంజి ఏమిటి అన్నాడు. చేంతాడు లాక్కున్నాడు. ఈరోజు గేటు దగ్గరికి కూడా రానివ్వలేదు. పాపని ఎత్తుకుని రోడ్డు అవతల నిలబడి చూశాను. కిటికీ మూసి ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. మీరు ఆ వైపు వెళ్ళేవాళ్ళయితే, మీకు మెమో లేదు, మిమ్మల్ని ఆపరు. పుట్టిన కాగితం కోసమో, బతికున్న కాగితం కోసమో వచ్చానని చెప్పి మేడ ఎక్కండి. హాలు తలుపు మీద ఎర్ర లక్క ఉంటుంది. కుడి పక్కకి నిలబడి కొట్టండి, ఆమెకి వినబడే చెవి అటే. గట్టిగా పిలవండి. పేరు పైడమ్మ. లోపలికి వెళ్ళగలిగితే ఏ కంప్యూటరు దగ్గరైనా 'అవును' నొక్కండి, అది కుదరకపోయినా ఫర్వాలేదు. ముందు ఆమెని చూడండి. నీళ్ళు తాగిందా, మాత్ర వేసుకుందా అడగండి.

లోపలినుంచి "ఎవులూ లేరు బాబూ" అని వినిపిస్తే, ఆమె ఉన్నట్టు. వెంటనే తలుపు పగలగొట్టించండి. ఏమీ వినిపించకపోతే ఇంకా తొందరగా.